దిగనన్న మనిషి, ఎక్కనన్న మనిషి

"నేను దిగను."

కారు ఆగి చాలాసేపైంది. అత్తగారు వెనక సీట్లో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, సీటుబెల్టు కూడా తీయకుండా కూర్చుంది. కోడలు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. సముద్రపు గాలి ఆ తలుపును మూసెయ్యాలని చూస్తోంది. కోడలు మూయనివ్వడం లేదు.

"ఇంత దూరం వచ్చి ఇప్పుడు దిగనంటే ఎలా అత్తయ్యా?"

"రమ్మన్నారు, వచ్చాను. దిగమని ఎవరన్నారు?"

"నేను అంటున్నాను కదా."

"నువ్వంటే చాలదమ్మాయ్. అనాల్సిన మనిషి అనాలి. ఆయన పైకొచ్చి, ఈ తలుపు దగ్గర నిలబడి, 'దిగు' అంటే దిగుతాను. లేదా, కారు వెనక్కి తిప్పమను."

కారు తిప్పాల్సినవాడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలో తల్లిని చూశాడు. తరవాత భార్యని చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ తనకి పనికొచ్చేది ఏమీ కనబడక ఫోన్ చూసుకున్నాడు.

"ఒకసారి నువ్వెళ్ళి నాన్నని పిలుచుకురారాదూ?" అన్నాడు ఫోన్‌తో చెప్తున్నట్టు.

"మీరు వెళ్ళొచ్చుగా?"

"నేను వెళితే గొడవవుతుంది. నువ్వంటే నాన్నకి గౌరవం."

గౌరవం అన్న మాట ఆ ఇంట్లో ఎప్పుడు వినబడినా దాని తోకకి ఒక చాకిరీ కట్టి ఉంటుందని కోడలికి కాపురానికొచ్చిన కొత్తలోనే అర్థమైంది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. ఇవాళ దాని షట్టరు దించి, కళ్ళజోడు కోసం వచ్చే వాళ్ళందరికీ రేపు రమ్మని చెప్పి, ఈ తల్లీకొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కారు తలుపు వదిలేసింది. అది దభాలున మూసుకుంది. గాలి పనే అని ఎవరైనా అనుకోవచ్చు.

పార్కింగు కొండ నెత్తిన ఉంది. దాని అంచున మనిషెత్తు రాతిగోడ. గోడకి అవతల, కిందికి, ఎప్పటిదో పాతకాలపు బెస్తపల్లె. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు వాలు పొడుగునా రేవు దాకా దిగిపోతాయి. ఇళ్ళ మధ్య రాతిమెట్లే తప్ప వీధులు లేవు. ఏ బండీ ఆ మెట్లు దిగలేదు. అందుకే ప్రపంచం నలుమూలల నుంచీ చూడవచ్చిన జనాన్ని బస్సులు ఈ పార్కింగులో దింపి, సాయంత్రం ఇక్కడే ఎక్కించుకుపోతాయి.

అలాంటి బస్సొకటి మావగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ నడిపాడు. డ్రైవరు బస్సు వదిలి వెళ్ళకూడదని కంపెనీ నియమం. జనం కిందికి వెళ్ళి గవ్వల దండలతో, ఎండకి కందిన ముక్కులతో తిరిగొచ్చేదాకా ఆయన స్టీరింగు ముందే కూర్చుని క్యారేజీ విప్పుకునేవాడు. పదవీ విరమణ అయ్యాక, పోయిన నెల, పాత డ్రైవర్లంతా కలిసి సరదాగా వేసుకున్న యాత్రలో మొదటిసారి ప్రయాణికుడిగా ఇక్కడికొచ్చాడు. మొదటిసారి ఆ మెట్లు దిగాడు. సాయంత్రం మిగతా అందరూ పైకొచ్చారు. ఆయన రాలేదు.

"నేను ఇక్కడే ఉంటాను. ఎవరూ కంగారుపడొద్దు" అని కబురు పంపాడు. ఆ కబురు అందినప్పటి నుంచీ ఇంట్లో కంగారు తప్ప వేరే పనేమీ జరగలేదు.

*

మెట్లు ఏటవాలుగా, అరిగిపోయి, తడిగా ఉన్నాయి. కోడలి ముందు ఒక గుంపు దిగుతోంది. గుంపుకి ముందు ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, తలుపుల రంగు గురించీ, తలుపుల మీద చెక్కిన చేపల గురించీ చెప్తున్నాడు. ఆ తలుపుల్లో ఒకదాంట్లోంచి ఒకావిడ బయటికొచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా చాప దులిపి లోపలికెళ్ళిపోయింది. దుమ్ము గొడుగు మీద పడింది.

రేవు దగ్గర పడుతుండగా గైడు గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు మీరు చూడబోయే పెద్దాయన ముఖం జాగ్రత్తగా చూడండి. ఆ ముడతలు ఉన్నాయే, అవి సముద్రం రాసిన రాత. ఈ ఊళ్ళో పాతతరం మనుషులు ఇలాగే ఉండేవారు. ఎక్కువ మాట్లాడరు."

అందరూ ఫోన్లు ఎత్తారు. కోడలు మునివేళ్ళ మీద లేచి భుజాల మధ్య నుంచి చూసింది.

గుమ్మం మీద, నీలం టోపీ పెట్టుకుని, ఒళ్ళో వల వేసుకుని, దూరంగా సముద్రంలోకి చూస్తూ మావగారు కూర్చుని ఉన్నాడు.

"తాతగారూ, ఎప్పుడైనా తుఫానులో చిక్కుకున్నారా?" అని ఒకమ్మాయి అడిగింది.

మావగారు కాసేపు ఆలోచించాడు. "చిక్కుకున్నాను. చాలాసార్లు."

"భయం వెయ్యలేదా?"

"మన వెనకాల అంతమంది ప్రాణాలు ఉన్నాక భయపడితే ఎలాగమ్మా? ఒకసారైతే ముందు ఏమీ కనబడలేదు. ఒకటే వాన. వైపర్లు కూడా..."

మావగారు దగ్గాడు. గైడు గొడుగు చటాలున రేవు వైపు తిప్పి, "రండి రండి, పడవలు చూద్దాం" అన్నాడు.

"మావయ్యా!"

వల ఒళ్ళోంచి జారి కింద పడింది. గుంపులో సగం మంది వెనక్కి తిరిగి కోడలి ఫోటో కూడా తీసుకున్నారు.

"ఏమిటిది మావయ్యా?" అంది, వాళ్ళు కాస్త దూరం వెళ్ళాక.

"ఏముంది? గుమ్మంలో కూర్చున్నాను. ఆ గొడుగాయన వచ్చి తనకి తోచింది చెప్పుకుంటూ పోతాడు. నేను మాత్రం ఒక్క అబద్ధం ఆడలేదు. నువ్వే విన్నావుగా."

"పార్కులో పెడల్ బోటు ఎక్కితేనే మీకు వాంతులయ్యాయి."

"మెల్లిగా అనమ్మా. ఇక్కడ నాకు కాస్త మర్యాద ఉంది."

లోపలి నుంచి ఒక ముసలావిడ వచ్చింది. నడుం వంగిపోయినా చూపు మాత్రం వంగలేదు. కింద పడ్డ వలని ఆయన చేతికి అందనివ్వకుండా తనే తీసుకుంది. ఆ వల, ఆ గుమ్మం, వెనక ఆయన అద్దెకున్న గదీ ఆవిడవే. ఊరంతా ఆవిడని వలల పెద్దమ్మ అంటారు.

"కోడలివా? వచ్చావా తల్లీ! తీసుకుపో. నీకు పుణ్యం ఉంటుంది."

"ఏం చేశారు పెద్దమ్మా?"

"చెడ్డ పని ఒక్కటీ చేయలేదు, అదే నా ఖర్మ. పడవ రేవులోకి వస్తే చాలు, పరిగెత్తుకెళ్ళి గట్టు మీద నిలబడతాడు. 'రానీ, రానీ, లెఫ్టు కొట్టు, హోల్డాన్!' అని ఒకటే అరుపులు. నా కొడుకులు మీసాలు రాకముందు నుంచీ అదే రేవులో పడవ కడుతున్నారు. ఇప్పుడు ఈయన అరుపులకి కంగారుపడి గోడకి గుద్దుతున్నారు. మనిషి మంచోడే, కాదనను. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆ మంచితనం భరించలేక చస్తున్నాను."

"చూశావా, మంచోడే అంటోంది" అన్నాడు మావగారు.

కోడలు గుమ్మం పక్కన కూర్చుంది. కాళ్ళు పీకుతున్నాయి. "అత్తయ్య పైన కారులో ఉంది."

మావగారు టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "వచ్చిందా?"

"వచ్చింది. దిగనంటోంది. మీరొచ్చి పిలవాలట."

"పైకా? ఆ పార్కింగులోకా?" ఆయన గొంతు మారింది. "ఎక్కనమ్మా. ఇంకేమైనా అడుగు. నా బతుకంతా ఆ గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. సముద్రం వినబడేది, కనబడేది కాదు. గోడ అడ్డం. దిగినవాళ్ళు పైకొచ్చి 'ఎంత బాగుందో డ్రైవరుగారూ' అనేవాళ్ళు. 'అవునండి' అనేవాణ్ణి. ఇంక ఆ గోడకి అవతల అడుగుపెట్టను. మీ అత్తయ్యనే రమ్మను. అన్నీ దగ్గరుండి చూపిస్తాను."

"నడిపిస్తే నడిచే మనిషా ఆవిడ?"

"అదీ నిజమే" అన్నాడు మావగారు దిగులుగా. కానీ లేవలేదు.

*

"'రమ్మను' అన్నాడా, 'వస్తే రమ్మను' అన్నాడా?"

కోడలు కారు తలుపుకి ఆనుకుని ఊపిరి తీసుకుంటోంది. "రెండింటికీ తేడా ఏమిటత్తయ్యా?"

"నీకు తెలీదు. నాకు తెలుసు."

"రమ్మనే అన్నారు."

అత్తగారు సీటుబెల్టు మీద చెయ్యేసింది. కోడలి గుండె ఒక్కక్షణం తేలికపడింది. ఆవిడ బెల్టు సరిచేసుకుని మళ్ళీ ఒదిగి కూర్చుంది.

"ఆవిడ ఎలా ఉంటుంది?"

"ఎవరు?"

"గది ఇచ్చిన మహాతల్లి."

"అయ్యో, మీకంటే చాలా పెద్దావిడ. మీకు అత్తగారిలా ఉంటుంది."

"అత్తగార్ల సంగతి నాకు చెప్పకు" అంది అత్తగారు. ముందు సీట్లో కొడుకు నవ్వబోయి, భార్య ముఖం చూసి, దగ్గుగా మార్చుకున్నాడు.

పక్కనే ఒక బస్సు వచ్చి ఆగింది. పెళ్ళయి ఎన్నాళ్ళో కానట్టున్న జంటలు, టోపీల పిల్లలు, ఊతకర్రల ముసలివాళ్ళు ఒకరి వెనక ఒకరు దిగి గోడ పక్కనున్న మెట్ల దారి పట్టారు. అత్తగారు అద్దంలోంచి ఆ చివరి మనిషి తల కిందికి దిగిపోయేదాకా చూసింది.

"చూడు, ఇలాగే. ఊళ్ళోవాళ్ళందర్నీ మోసుకొచ్చాడు. కొత్తజంటల్ని తెచ్చాడు, బడిపిల్లల్ని తెచ్చాడు, నడవలేనివాళ్ళని చెయ్యి పట్టుకుని దింపాడు. నన్ను మాత్రం తేలేదు. అడగలేదనుకున్నావా? అడిగాను. 'అక్కడేముందే, ఉప్పుగాలి' అన్నాడు. నిజమే కాబోలనుకున్నాను. రాత్రిళ్ళు ఆయన చొక్కా ఉతికితే నీళ్ళు ఉప్పగా ఉండేవి, అంతే నాకు తెలిసిన సముద్రం." గొంతు సవరించుకుంది. "ఏమీ లేని చోట ఎందుకు ఆగిపోయాడో అడిగిరా. అడిగి, ఆయన ఏమన్నాడో అన్నది అన్నట్టు నాకు చెప్పు. నీ తీపి కలపకు."

కోడలు మంచినీళ్ళు తాగుదామని వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిచింది.

నీళ్ళసీసా పక్కన అత్తగారి చక్రాల సూట్‌కేసు ఉంది. ఉబ్బిపోయి, జిప్పు ఊడకుండా తాడు కట్టి ఉంది.

"ఇదేమిటత్తయ్యా?"

"నా బట్టలు."

"ఒక్క రోజు ప్రయాణానికా?"

"ఆయన వస్తే ఇంటికి. రాకపోతే నేనూ రాను. మా అన్నయ్య దగ్గరికి పోతాను. ఆ ఇంట్లో గుమ్మం దగ్గర ఆయన చెప్పులు చూసుకుంటూ ఒక్కదాన్నీ కూర్చోలేను."

కోడలు డిక్కీ వేసి డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చింది. "మీకు తెలుసా ఈ సంగతి?"

"అమ్మ ఎవరికీ చెప్పొద్దంది."

"నేను ఎవరినా?"

"నీకు చెబితే నువ్వు ఊరుకోవు కదా, అందుకని..."

"నేను ఊరుకోకపోబట్టే ఈ ఇల్లు ఇంకా నిలబడి ఉంది. మీరందరూ ఊరుకున్నవాళ్ళే. మీ నాన్న ఊరుకుని పల్లెలో కూర్చున్నాడు, మీ అమ్మ ఊరుకుని కారులో కూర్చుంది, మీరు ఊరుకుని స్టీరింగు పట్టుకున్నారు. నేనేమో పైకీ కిందికీ తిరుగుతున్నాను, బావిలో చేదలాగా!"

ఆగిన బస్సు డ్రైవరు తన సీట్లోంచి తల బయటికి పెట్టి చూశాడు. ఆయన ఒళ్ళో క్యారేజీ తెరిచి ఉంది. కోడలు గొంతు దించుకుని మళ్ళీ మెట్ల వైపు నడిచింది.

*

ఈసారి మావగారు గట్టు మీద ఉన్నాడు. ఎవరూ అడగకపోయినా ఒక పడవకి చేతులూపుతున్నాడు. పడవలోవాళ్ళు ఆయన్ని చూడకుండా ఉండడానికి పాపం ఎంతో కష్టపడుతున్నారు.

కోడలు అత్తగారి మాటలు అన్నవి అన్నట్టు చెప్పింది. ఉప్పునీళ్ళ చొక్కాతో సహా.

మావగారి చేతులు మెల్లిగా కిందికి దిగాయి.

"ఏమీ లేదన్నది అబద్ధం కాదమ్మా" అన్నాడు చివరికి. "నేను చూసింది పార్కింగే. అక్కడ ఏమీ లేదు. నేనే చూడని చోటికి ఆవిణ్ణి తెచ్చి, 'నువ్వు చూసిరా, నేను బస్సులో కూర్చుంటా' అనాలా? సిగ్గనిపించేది. ఆ సిగ్గు పైకి చెప్పలేక ఉప్పుగాలి అన్నాను."

"సరే. మరి ఇప్పుడు చూశారు కదా. చూసినరోజే ఇంటికొచ్చి, 'పదవే, చూపిస్తా' అంటే పోయేది కదా?"

"ఒక్కరోజు ఉందామనే అనుకున్నాను. తెల్లారి ఈ గుమ్మంలో కూర్చుంటే నన్ను ఎవరూ లేవమనలేదు. ఇంట్లో చూడు. నేను హాల్లో కూర్చుంటే హాలు తుడవాలంటారు. గదిలోకి పోతే గది తుడవాలంటారు. వరండాలోకి పోతే అక్కడ బట్టలు ఆరెయ్యాలంటారు. రిటైరైన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఒక ఇల్లు అన్నిసార్లు ఎలా మురికవుతుందమ్మా?"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టేనని పళ్ళు బిగించింది. ఎందుకంటే పొద్దున్నే చీపురు పట్టుకుని ఆయన్ని లేపేవాళ్ళలో తనూ ఒకతె.

"అత్తయ్య సూట్‌కేసు సర్దుకుని వచ్చింది మావయ్యా."

"నాకోసం బట్టలు తెచ్చిందా?"

"తన బట్టలు. మీరు రాకపోతే వాళ్ళ అన్నయ్య దగ్గరికి పోతుందట. ఇంక ఇంటికి రాదట."

మావగారి ముఖంలో రంగు పోయింది. "ఏ సూట్‌కేసు?"

"చక్రాలది. తాడు కట్టి ఉంది."

"తాడు కట్టిందా?" అన్నాడు. తాడు కట్టడమంటే ఏమిటో ఆయనకి తెలుసు కాబోలు, గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. "వాళ్ళన్నయ్య గురకకి ఆ వీధిలో కుక్కలు కూడా పడుకోవు. అక్కడ ఎలా ఉంటుంది? మనిషికి పంతం ఉండొచ్చుగానీ..." ఆగాడు. "సరే విను. మెట్ల మధ్యలో మలుపు దగ్గర రాతి అరుగు ఉంది చూశావా? అక్కడిదాకా నేను ఎక్కుతాను. అక్కడిదాకా ఆవిడని దిగమను. పిలిచినట్టూ ఉంటుంది, పార్కింగులో అడుగు పెట్టనట్టూ ఉంటుంది."

"ఇదేమన్నా రెండు దేశాల సరిహద్దా మావయ్యా?"

"నీకు దండం పెడతానమ్మా. ఈ ఒక్కసారి వెళ్ళు."

పెద్దాయన నిజంగానే చేతులు జోడించబోయాడు. ఆమె ఆ చేతులు కిందికి నొక్కేసి మెట్లెక్కింది.

*

మలుపు దాటగానే ఫోన్ మోగింది.

"అమ్మ కిందికొచ్చిందా?" భర్త గొంతులో తడబాటు.

"ఎక్కడికి కిందికి? కారులో ఉందిగా?"

"లేదు. ఆఫీసు వాళ్ళు చేస్తే, ఇక్కడ సరిగ్గా వినబడటంలేదని అటు చివరికి వెళ్ళాను. వచ్చి చూస్తే డిక్కీ తెరిచి ఉంది."

"సూట్‌కేసు?"

"అదీ లేదు."

కోడలు మిగతా మెట్లు పరుగెత్తింది. పార్కింగులో భర్త కారు చుట్టూ తిరుగుతున్నాడు, తల్లి కారు కింద పడిపోయిందేమో అన్నట్టు. ఇందాకటి బస్సు డ్రైవరే క్యారేజీ మూత పెడుతూ చెప్పాడు.

"ఆ పెద్దావిడా? ఐసు వ్యాన్‌లో వెళ్ళిందమ్మా. వెనకవైపు నుంచి రేవులోకి ఐసు బళ్ళకి వేరే దారి ఉంది, ఊరివాళ్ళ బళ్ళు తప్ప పోనివ్వరు. వ్యాన్ అబ్బాయిని ఆపి ఏదో అడిగింది. ముందు సీట్లో ఎక్కించుకుపోయాడు. పెట్టె కూడా తనే పైకెత్తి పెట్టుకుంది."

"ఏమడిగింది?"

"నాకు వినబడలేదు. కానీ నవ్వుతూ అడిగింది."

అత్తగారు నవ్వి ఎన్నాళ్ళయిందో కోడలికి గుర్తు రాలేదు. ఆ మాటే ఆమెని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. "మీరు ఇప్పుడైనా నాతో రండి!" అని భర్త మీద అరిచి, వెనుదిరిగి చూడకుండా దిగడం మొదలుపెట్టింది.

మలుపు దగ్గర అరుగు మీద మావగారు కూర్చుని ఉన్నాడు. నీలం టోపీ లేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తల తడిపి పక్కపాపిడి తీసుకున్నాడు, పెళ్ళిచూపులకి వచ్చినట్టు. కోడలిని చూసి లేచి నిలబడి, ఆమె వెనకాల ఎవరున్నారా అని మెడ సాచి చూశాడు.

"ఏదీ?"

"ఐసు దారిన రేవుకి పోయింది. సూట్‌కేసుతో."

ఆయన వెనక్కి తిరిగి గబగబా దిగడం మొదలుపెట్టాడు. ఆ వయసులో ఆ మెట్ల మీద అలా దిగుతాడని కోడలు ఎన్నడూ అనుకోలేదు. గుమ్మంలో వలల పెద్దమ్మ, "మెల్లిగా, మెల్లిగా! కాళ్ళు విరిగితే నాకు చుట్టుకుంటుంది!" అని కేకేసింది.

గట్టు చివర ఒక తెల్ల లాంచీ తాడు విప్పుకుంటోంది. ముందు వైపు బల్ల మీద, చూడవచ్చిన జనం మధ్య, మోకాళ్ళ నడుమ తాడుకట్టిన సూట్‌కేసు పెట్టుకుని అత్తగారు కూర్చుని ఉంది. చేతిసంచి మాత్రం ఒళ్ళోనే ఉంది.

"ఏమేవ్!" అన్నాడు మావగారు. ఇంజను చప్పుడులో అది ఎటో పోయింది. రెండు చేతులూ పైకెత్తాడు. "హోల్డాన్! హోల్డాన్!"

లాంచీ నడిపేవాడు, ఇన్నాళ్ళ అలవాటు మీద, ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

అత్తగారు చూసింది. ఉతికిన చొక్కా చూసింది, పక్కపాపిడి చూసింది. లేవలేదు. చెయ్యి ఊపలేదు. లాంచీ తిరిగేదాకా అలా చూస్తూనే ఉంది. తరవాత సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

గట్టు మీద టికెట్లు ఇచ్చే ఆవిడ దగ్గరికి కోడలు పరుగెత్తింది. "ఈ లాంచీ చుట్టూ తిప్పి మళ్ళీ ఇక్కడికే తెస్తుంది కదండీ?"

"తేదమ్మా. అవతలి రేవులో దింపేస్తుంది. అక్కడ రైలు స్టేషను ఉంది కదా, ఊళ్ళు పోయేవాళ్ళు దిగిపోతారు."

"మా అత్తగారికి ఆ సంగతి తెలీదండీ. పొరపాటున ఎక్కేసి ఉంటుంది."

"తాడుకట్టిన పెట్టె ఆవిడేగా? తెలుసమ్మా. 'మళ్ళీ ఇక్కడికి రాదు కదా?' అని అడిగే ఎక్కింది."

కోడలు వెనక్కి తిరిగింది. మావగారు ఆ మాట విన్నాడు. గట్టు మీద రాయికి చేయి ఆన్చుకుని నిలబడ్డాడు. గొడుగు గైడు ఇంకో గుంపుని తెస్తూ, ఆయన్ని చూసి ఏదో చెప్పబోయి, ఆగి, గుంపుని పక్కదారి పట్టించాడు.

అప్పుడు కోడలి ఫోన్ మోగింది. అత్తగారు. గాలి హోరు, ఇంజను హోరు, మధ్యలో ఆవిడ గొంతు అరుస్తోంది.

"అమ్మాయ్! వినబడుతోందా? ఇక్కడి నుంచి ఊరు మొత్తం కనబడుతోందే! ఎంత బాగుందో! ఇన్నాళ్ళూ నాకు ఒక్కళ్ళూ చెప్పలేదే!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "విను. ఆయన్ని నా వెనకాల పంపకు. వచ్చాడో, నేను రేవులో ఆగను, ముందు ఏ రైలు వస్తే అది ఎక్కి పోతాను. ఈ మాట ఆయనకి చెప్పు. అన్నది అన్నట్టు చెప్పు."

ఫోన్ కట్ అయింది.

మావగారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. పాపిడి చెదిరిపోయింది. "ఏమందమ్మా?"

కోడలు నోరు తెరిచింది. పొద్దున్నుంచీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా మోస్తూ వచ్చింది. దిగనంటే దిగనందనీ, ఎక్కనంటే ఎక్కనన్నాడనీ, సగం మెట్లనీ, ఉప్పునీళ్ళనీ. ఒక్కసారిగా ఆమెకి ఆ ఇద్దరి మీదా పట్టరాని కోపం వచ్చింది.

"నేను చెప్పను మావయ్యా."

"అదేమిటి?"

"మోసింది చాలు. ఇది నేను మోయను. మీకు కావాలంటే మీరే వెళ్ళి అడగండి. తిడితే తిట్టించుకోండి. మీ ఆవిడ, మీ నోరు, మీ చెవులు. మధ్యలో నేనెందుకు?"

మావగారు తెల్లబోయి చూశాడు. కోపం తెచ్చుకుంటాడనుకుంది. తెచ్చుకోలేదు. తలెత్తి పైన కొండ అంచున పార్కింగు గోడని చూశాడు. తరవాత నీళ్ళని చూశాడు. గట్టుకి ఇంకో లాంచీ వచ్చి ఆనుకుంది. అల వచ్చినప్పుడల్లా అది లేచి పడుతోంది. చూస్తుంటేనే ఆయన పెదాలు పాలిపోయాయి.

"ఇది కూడా అవతలికేనా?" అని టికెట్ల ఆవిడని అడిగాడు.

"అవతలికే. ఎక్కేవాళ్ళు ఎక్కండి."

"కుదుపు ఎక్కువుంటుందా?"

"ఇవాళ గాలి ఉంది. ఉంటుంది."

ఆయన జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి చాచి, గట్టు నుంచి లాంచీకి వేసిన ఊగే చెక్క మీద కాలు పెట్టాడు. ఎవరో లోపలి నుంచి చెయ్యి అందించారు.

"ఆగండి మావయ్యా, ఆవిడ..." అంటూ కోడలు ఒక అడుగు ముందుకేసింది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. చెక్క లాగేశారు.

వెనక మెట్ల మీద నుంచి భర్త ఎట్టకేలకు దిగొచ్చాడు, రొప్పుతూ, ఒక చెప్పు తెగి చేతిలో పట్టుకుని. "అమ్మ ఎక్కడ? నాన్న... నాన్న ఎక్కడికి పోతున్నాడు? ఏం జరుగుతోందిక్కడ?"

కోడలి చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. అత్తగారే.

ఆమె దాన్ని భర్త చేతిలో పెట్టింది. "మీ అమ్మ. నాన్న ఎక్కడున్నాడని అడుగుతుంది. ఏం చెప్తారో చెప్పండి" అని, గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంది.